దివాన్ బడులు బ్రెటన్‌ను ఎంతవరకు నిలబెట్టాయి? పద్ధతి, చట్టం, డబ్బు, గురువుల కొరత

గోదారిగట్టు:
ఫ్రాన్సు పడమటి కొసన బ్రిటనీలో మాట్లాడే బ్రెటన్ భాష గురించి తెలుగులో దొరికేవి చదివితే రెండే మాటలు కనిపిస్తున్నాయి. "ఫ్రాన్స్ చంపేసింది" అని ఒకరు, "బడులు బతికించాయి" అని ఇంకొకరు. రెండూ మరీ గుండుగుత్త మాటలు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా? దాదాపు పది లక్షల మంది మాట్లాడిన భాష ఎలా జారిపోయింది? బ్రెటన్ మాధ్యమంలో నడిచే దివాన్ బడిలో ఏ తరగతిలో ఏ భాష ఎంత? ఎక్కడ తేడా కొడుతోంది? ముఖ్యంగా ఆఖరి ప్రశ్నకు జవాబు కావాలి.

నుడిగంట:
ముందు ఒక అపోహ తీసేద్దాం. ఫ్రాన్సులో ఉంది కాబట్టి బ్రెటన్‌ను ఫ్రెంచికి యాస అనుకునేవాళ్లున్నారు. కాదు. అది కెల్టిక్ కుటుంబం. వేల్స్‌లోని వెల్ష్‌కూ, కార్న్‌వాల్‌లోని కార్నిష్‌కూ తోబుట్టువు. క్రీ.శ. 5 నుంచి 7 శతాబ్దాల మధ్య బ్రిటన్ దీవి నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లు తెచ్చుకున్న భాష.

బ్రిటనీ మొత్తం బ్రెటన్ సీమ కూడా కాదు. పడమటి సగం, అంటే దిగువ బ్రిటనీ, బ్రెటన్ ప్రాంతం. తూర్పున రెన్ చుట్టుపక్కల గాలో అనే, లాటిన్ నుంచి పుట్టిన రోమాన్స్ భాష ఉంది. రాజధాని రెన్‌లో బ్రెటన్ ఎన్నడూ జనసామాన్యం భాష కాదు. ఇప్పుడు అక్కడ బ్రెటన్ బడులు నడుస్తున్నాయంటే అది కొత్తగా నాటిన మొక్క.

రాతలో కూడా పాతదే. కాథొలికోన్ అనే బ్రెటన్-ఫ్రెంచి-లాటిన్ నిఘంటువు 1464లో తయారై 1499లో అచ్చయింది. 1532లో బ్రిటనీ ఫ్రాన్సులో కలిసింది. అయినా ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలు పల్లె జనం భాష జోలికి ఎవరూ పెద్దగా రాలేదు. ఫ్రెంచి వాడాలన్న 1539 నాటి విల్లేర్-కోత్రే రాజశాసనం కోర్టు కాగితాలకు సంబంధించింది, ఇంటి మాటలకు కాదు. అసలు దెబ్బ ఫ్రెంచి విప్లవంతో మొదలైంది. 1794లో విప్లవ నాయకుడు బరేర్ తన ప్రసంగంలో బ్రెటన్‌ను సమాఖ్యవాదానికీ మూఢనమ్మకానికీ భాషగా ముద్రవేశాడు. అదే ఏడాది అబ్బే గ్రెగువార్ ప్రాంతీయ భాషల నిర్మూలన అవసరమని నివేదిక ఇచ్చాడు.

బడిబాట:
నివేదికలతో భాష చావదండీ. బడి పల్లెకు చేరాలి. జూల్ ఫెర్రీ చట్టాలు 1881-82లో ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం, మతరహితం చేశాయి. మాధ్యమం ఫ్రెంచి ఒక్కటే.

ఆ బడుల్లో 'సింబోల్' అనే పద్ధతి నడిచింది. బ్రెటన్‌లో "వ్యోఖ్", అంటే ఆవు, అని కూడా పిలిచేవాళ్లు. పాత చెక్కజోడో, చెక్కముక్కో ఏదో ఒక వస్తువు. బ్రెటన్ మాట్లాడుతూ దొరికిన పిల్లవాడికి అది ఇస్తారు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే బ్రెటన్ మాట్లాడే మరొకణ్ని పట్టుకుని అంటగట్టాలి. సాయంత్రానికి ఎవరి దగ్గర ఉంటే వాడికి శిక్ష. దెబ్బ కన్నా ఈ ఏర్పాటే ఎక్కువ పని చేసింది. పిల్లలే పిల్లలకు కాపలాదారులయ్యారు.

"నేలమీద ఉమ్మడం, బ్రెటన్ మాట్లాడడం నిషేధం" అనే బోర్డు గురించి చాలాచోట్ల చదువుతారు. దాన్ని ఆధారంగా వాడకండి. అధికారిక బోర్డుగా దానికి గట్టి సాక్ష్యం లేదు. సింబోల్‌కైతే అనుభవించినవాళ్ల సాక్ష్యాలు కోకొల్లలు.

నుడిగంట:
బడి ఒక్కదాని మీదే తోసేయడం కూడా సరికాదు. ఫెర్రీ చట్టాలు వచ్చిన అరవై ఏళ్లకు కూడా, అంటే రెండో ప్రపంచయుద్ధం నాటికి, పదిలక్షల మంది దాకా బ్రెటన్ మాట్లాడుతూనే ఉన్నారు. 1902లో కోంబ్ ప్రభుత్వం చర్చిల్లో బ్రెటన్ ప్రసంగాల మీద నిషేధం పెట్టినా ఆగలేదు. 1925లో మంత్రి అనతోల్ ద మోన్జీ, ఫ్రాన్సు భాషా ఐక్యత కోసం బ్రెటన్ మాయం కావాలని బాహాటంగానే అన్నాడు. అప్పటికీ ఊళ్లలో పిల్లలు బ్రెటన్‌తోనే పెరుగుతున్నారు.

తెగింది 1950 ప్రాంతంలో, ఇంట్లో. రైలు, సైనిక సేవ, ప్యారిస్‌లో పనులు, పొలాల్లోకి ట్రాక్టరు అన్నీ కలిసి ఒకటే చెప్పాయి: ఫ్రెంచి లేకపోతే పిల్లలకు బతుకు లేదు. భార్యాభర్తలు తమలో తాము బ్రెటన్‌లోనే మాట్లాడుకుంటూ పిల్లల వైపు తిరిగేసరికి ఫ్రెంచిలోకి మారిపోయారు. సింబోల్ మెడలో పడ్డ తరమే తల్లిదండ్రులైనప్పుడు ఆ నిర్ణయం తీసుకుంది. బడి వేసిన దెబ్బ ఒక తరం ఆలస్యంగా ఇంట్లో తగిలిందన్నమాట.

ఇంకొక కారణం ఉంది, దాన్ని దాటవేయకూడదు. జర్మన్ ఆక్రమణ కాలంలో బ్రెటన్ ఉద్యమంలో ఒక వర్గం జర్మన్లతో చేతులు కలిపింది. యుద్ధం తర్వాత భాష పేరెత్తినవాళ్లందరి మీదా ఆ మచ్చ పడింది. భాష కోసం అడగాల్సిన కాలంలో అడిగే గొంతులు తగ్గాయి.

వెన్నెలవాన:
దివాన్ అంటే సంస్థానాల్లో దివాను లాంటి మాటేనా?

బడిబాట:
కాదండీ, ధ్వని మాత్రమే కలిసింది. బ్రెటన్‌లో దివాన్ అంటే మొలకెత్తడం.

1951 నాటి దెయిక్సోన్ చట్టం బ్రెటన్, బాస్క్, కాటలన్, ఆక్సిటన్ భాషలను ఐచ్ఛికంగా నేర్పొచ్చంది. వారానికి ఒకటో అరో గంట. దానితో మాట్లాడేవాళ్లు తయారు కారు. బాస్క్ సీమలో బాస్క్ మాధ్యమంలో నడిచే ఇకస్తోలా బడులను చూసి, 1977లో ఫినిస్తేర్ జిల్లా లాంపోల్-ప్లూదాల్మెజో ఊళ్లో తల్లిదండ్రులు అయిదుగురు పిల్లలతో శిశుతరగతి తెరిచారు. అదే దివాన్. ఫీజు లేదు, మతబోధన లేదు, నడిపేది సంఘం. 1988లో బ్రెస్ట్ పక్కన కాలేజు మొదలైంది. కాలేజు అంటే ఫ్రాన్సులో 11 నుంచి 15 ఏళ్ల పిల్లల బడి, మన కాలేజీ కాదు. ఆ పై తరగతుల బడి లీసె 1994లో మొదలై తర్వాత కరే పట్టణానికి మారింది.

పక్కనే ఇంకో రెండు దారులు పడ్డాయి. ప్రభుత్వ బడుల్లో ద్విభాషా తరగతుల కోసం దివ్ యేజ్ అనే తల్లిదండ్రుల సంఘం 1979లో, కాథలిక్ బడుల్లో దిహున్ 1990లో. పేర్లకు అర్థాలు వరసగా "రెండు భాషలు", "మేలుకో". మూడు దారుల్లో కలిపి ఇప్పుడు సుమారు 20,000 మంది పిల్లలున్నారు. అందులో దివాన్ వాటా సుమారు 4,000. పేరు దివాన్‌దే మోగుతుంది కానీ పిల్లల సంఖ్యలో మిగతా రెండూ పెద్దవి. వ్యాసాలు రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

గోదారిగట్టు:
మరి దివాన్ పద్ధతికీ ద్విభాషా తరగతులకూ అసలు తేడా ఏమిటి? గంటల లెక్కలో చెప్పగలరా?

బడిబాట:
ఫ్రాన్సులో ప్రాథమిక బడి వారానికి 24 గంటలు. ద్విభాషా తరగతిలో సగం సగం. 12 గంటలు బ్రెటన్, 12 గంటలు ఫ్రెంచి. లెక్కలు, పరిసరాలు బ్రెటన్‌లో ఉండొచ్చు. కానీ మైదానం, భోజనశాల, బస్సు అన్నీ ఫ్రెంచి.

దివాన్‌ది నిమజ్జన పద్ధతి. రెండు మూడేళ్ల పిల్ల బడిలో అడుగుపెట్టిన క్షణం నుంచి టీచరు, సహాయకురాలు, వంటశాలలో వడ్డించే మనిషి అందరూ బ్రెటన్‌లోనే. తొంభైపాళ్లు పిల్లలకు ఇంట్లో ఫ్రెంచే కాబట్టి మొదటి నెలల్లో పిల్ల ఫ్రెంచిలో అడుగుతుంది, టీచరు బ్రెటన్‌లో చెబుతుంది. తిట్టరు, సరిదిద్దరు. పిల్ల అన్న మాటనే బ్రెటన్‌లో తిరిగి అంటారు. చదవడం, రాయడం ముందు బ్రెటన్‌లోనే నేర్చుకుంటారు. ఫ్రెంచి పాఠం ఏడేళ్ల వయసులో, సె-ఎ-అన్ తరగతిలో, కొద్ది గంటలతో మొదలై ఏటా పెరుగుతుంది. ప్రాథమికం ముగిసేసరికి ఈ పిల్లలు ఫ్రెంచిలో వెనకబడి ఉండరు. చుట్టూ ఉన్నదంతా ఫ్రెంచే కదా, అది నేర్పకపోయినా వస్తుంది. బ్రెటన్ నేర్పకపోతే రాదు. పద్ధతి మొత్తం ఈ ఒక్క అసమానత మీద కట్టింది.

లిపికారుడు:
భాష లోపలి సంగతి కొంచెం చెబితే టీచరు పని ఎంత కష్టమో అర్థమవుతుంది. బ్రెటన్‌లో మాట మొదటి అక్షరం ముందున్న పదాన్ని బట్టి మారుతుంది. మనకిది మరీ వింత కాదు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. గసడదవాదేశం. బ్రెటన్‌లోనూ క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది.

తేడా ఏమిటంటే, మనకు అది సంధి, అర్థం మారదు. వాళ్లకు అర్థమే దానిమీద ఆధారపడుతుంది. తండ్రి అంటే 'తాద్'. "ఎ దాద్" అంటే అతని తండ్రి. "హె జాద్" అంటే ఆమె తండ్రి. చాలాచోట్ల ఆ 'హ' వినబడదు కాబట్టి, అతనా ఆమా అన్నది ద-జ తేడాలోనే తెలుస్తుంది. నీ తండ్రి "దా దాద్", నా తండ్రి "మా జాద్". మృదువు, ఊష్మం, పరుషం, మిశ్రమం అని నాలుగు రకాల మార్పులు. శిశుతరగతిని "స్కోల్-వమ్" అంటారు. నిఘంటువులో 'వమ్' వెతికితే దొరకదు, 'మమ్' (అమ్మ) దగ్గర చూడాలి. ఇంట్లో వినని పిల్ల దీన్ని సూత్రంగా నేర్చుకోలేదు. వేలసార్లు వినాలి. నిమజ్జనానికీ 12 గంటల పద్ధతికీ ఫలితంలో తేడా మొదట కనిపించేది ఈ మార్పుల్లోనే.

రెండోది ఊనిక. పడమటి మూడు మాండలికాల్లో (లెయోన్, త్రెగెర్, కెర్నె) బలం చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. నాలుగోదైన వాన్ మాండలికంలో చివరి అక్షరం మీద. ఫ్రెంచి అలవాటు చివరికి లాగుతుంది. బడిలో నేర్చినవాళ్ల మాట విని పల్లె ముసలివాళ్లు "ఇది మా బ్రెటన్ కాదు" అనడానికి సగం కారణం ఊనికా, గొంతులోంచి పలికే ఫ్రెంచి 'ర'నూ. మిగతా సగం కొత్త పదాలు. కంప్యూటరుకు 'ఉర్జియతేర్', ఫోనుకు 'పెల్‌గోమ్జ్' (దూరపు మాట) అని బడి నేర్పుతుంది. తాతకు వచ్చింది ఫ్రెంచి మాటే.

వెన్నెలవాన:
లిపి గొడవ కూడా ఉందని విన్నాను. కార్ల మీద అంటించే మూడక్షరాలు దానివేనా?

లిపికారుడు:
అవునండీ, బి-జెడ్-హెచ్. భాష పేరును పడమటివాళ్లు "బ్రెజోనెగ్" అంటారు, వాన్ వాళ్లు "బ్రెహోనెగ్" అంటారు. 1941లో వచ్చిన ఏకీకృత వర్ణక్రమం జెడ్, హెచ్ రెండూ పక్కపక్కన రాసి ఎవరి పలుకుబడి వాళ్లు పలకమంది. పద్ధతి తెలివైనదే, పుట్టిన కాలమే చెడ్డది. ఆక్రమణలో వచ్చిందని కొందరు ఒప్పుకోక 1955లో విశ్వవిద్యాలయ వర్ణక్రమం చేశారు. 1975లో మాండలికాలన్నిటికీ కుదిరేలా మూడోది వచ్చింది. ఈరోజు దివాన్, ఎక్కువ ప్రచురణలు 1941 దాన్నే వాడుతున్నాయి. చిన్న భాషకు మూడు రాతలు భరించే శక్తి ఉండదు. ఒక్కో పాఠ్యపుస్తకం కొన్ని వందల ప్రతులే అమ్ముడయ్యే చోట ఇది తగువు కాదు, ఖర్చు.

పశ్చిమతీరం:
చట్టం సంగతి నేను రాస్తాను, ఇందులో తప్పులు ఎక్కువగా దొర్లుతాయి.

1992లో రాజ్యాంగం రెండో అధికరణంలో "గణతంత్ర భాష ఫ్రెంచి" అన్న వాక్యం చేర్చారు. ఇంగ్లిషు పోటీని దృష్టిలో పెట్టుకుని చేర్చిన వాక్యం తర్వాత ప్రాంతీయ భాషల మీదికే ఎక్కువగా తిరిగింది. 1999లో ఐరోపా ప్రాంతీయ భాషల ఒప్పందం మీద ఫ్రాన్సు సంతకం చేసింది. కానీ అది రాజ్యాంగానికి సరిపడదని రాజ్యాంగ మండలి చెప్పింది. 2001లో మంత్రి జాక్ లాంగ్ కాలంలో దివాన్‌ను ప్రభుత్వ విద్యలో కలిపే ఒప్పందం కుదిరితే 2002లో కోన్సేయ్ దెతా, అంటే పరిపాలనా న్యాయస్థానం, కొట్టేసింది. 2008లో 75-1 అధికరణం వచ్చింది: ప్రాంతీయ భాషలు ఫ్రాన్సు వారసత్వం. మాట గౌరవమైనది, దానితో హక్కేమీ రాలేదు.

2021 ఏప్రిల్ 8న ప్రాంతీయ భాషల రక్షణకు ఎంపీ మొలాక్ తెచ్చిన చట్టం 247-76 ఓట్లతో నెగ్గింది. ఆ తర్వాత అరవై మందికి పైగా ఎంపీలు రాజ్యాంగ మండలికి వెళ్లారు. వాళ్లు ప్రశ్నించింది డబ్బుకు సంబంధించిన నిబంధనను: పిల్ల నివసించే ఊరి పురపాలక సంఘం, పక్కూరి ప్రాంతీయభాషా బడికి తలసరి ఖర్చు చెల్లించాలన్నది. మే 21న తీర్పు వచ్చింది. అడిగిన నిబంధన నిలబడింది. అడగని రెండింటిని మండలి తనంతట తానే తీసుకుని కొట్టేసింది: ప్రభుత్వ విద్యలో నిమజ్జన బోధన, పుట్టుక పత్రాల్లో ప్రాంతీయ భాషల గుర్తులు (ఫాంచ్ అనే పేరులో 'న' మీద గీత లాంటివి). ఆ రోజు నుంచి "నిమజ్జనం నిషేధం" అని వార్తలు తిరుగుతున్నాయి. దివాన్ మూతపడలేదు. అదే ఏడాది డిసెంబరులో విద్యాశాఖ సర్క్యులర్ నిమజ్జనాన్ని బోధనలో వాడగల ఒక పద్ధతిగా ఒప్పుకుంది. పునాది మాత్రం సర్క్యులర్ మీద నిలిచింది, చట్టం మీద కాదు. సర్క్యులర్‌ను మంత్రి మారితే మార్చేయొచ్చు. నన్ను బాధించేది ఇదే.

గోదారిగట్టు:
కొత్త బడి తెరవాలంటే ఏం చేయాలి? జీతాలు ఎవరిస్తారు?

బడిబాట:
రెండు దారులూ వేరు.

ప్రభుత్వ ద్విభాషా తరగతి కావాలంటే తల్లిదండ్రులు దివ్ యేజ్ ద్వారా పేర్లు పోగుచేస్తారు. శిశుతరగతికి సుమారు 15 మంది ఉంటే మాట వినిపించుకుంటారు. మేయరు ఒప్పుకోవాలి, ఎందుకంటే గది, సహాయకురాలి జీతం ఊరివి. టీచరు పోస్టు ఫ్రెంచి ప్రభుత్వం ఇస్తుంది. సెప్టెంబరులో తెరవాలంటే ఆ చలికాలంలోనే విద్యాశాఖకు అర్జీ చేరాలి. పోస్టుల పంపకం చలికాలం చివర జరిగిపోతుంది. ఏప్రిల్‌లో ఉత్సాహం వచ్చినవాళ్లు ఏడాది ఆగాల్సిందే. ఆ ఏడాదిలో సగం మంది పిల్లలను వేరే బడిలో వేసేస్తారు. పట్టిక పాతబడి, తరగతి పుట్టకముందే చచ్చిపోయే తీరు ఇది.

దివాన్ బడైతే 1959 నాటి దెబ్రే చట్టం వర్తిస్తుంది. ప్రైవేటు బడి అయిదేళ్లు సొంత ఖర్చుతో నడిచి చూపిస్తే ప్రభుత్వంతో ఒప్పందం, ఆ తర్వాతే ప్రభుత్వ జీతాలు. ఆ అయిదేళ్లూ సంఘమే మోయాలి. ఒప్పందం తర్వాత కూడా సహాయకురాలి జీతం, కట్టడం ఖర్చు సంఘానివే. ప్రైవేటు బడి భవనాలకు స్థానిక సంస్థలు ఇచ్చే డబ్బు మీద గట్టి పరిమితులున్నాయి. అందుకే ప్రతి బడికీ ఒక తల్లిదండ్రుల కమిటీ: క్రెప్‌లు (పల్చటి అట్లు) కాల్చి అమ్మడం, లాటరీ, ఫెస్ట్-నోజ్ అనే రాత్రి నృత్యోత్సవం. 2008 నుంచి రెండేళ్లకోసారి ఆర్ రెదాదెగ్ అనే పరుగు. బాస్కుల కొర్రికా పరుగు దానికి మాదిరి. రాత్రింబవళ్లు ఆగకుండా బ్రిటనీ అంతా చేతికర్ర మార్చుకుంటూ పరుగెత్తుతారు. కిలోమీటర్లు అమ్ముతారు. వచ్చిన దాంట్లో సగం దివాన్‌కు, సగం ఇతర బ్రెటన్ పనులకు. కర్రలో ఒక రహస్య సందేశం ఉంటుంది, చివరి గమ్యంలో చదువుతారు.

పశ్చిమతీరం:
డబ్బు కన్నా గట్టి ముడి ఇంకొకటి ఉంది: టీచర్లు. బ్రెటన్‌లో లెక్కలు చెప్పగల మనిషి కావాలి. ప్రాథమిక టీచర్లకు ప్రత్యేక పోటీ పరీక్ష ఉంది, 1980ల మధ్య నుంచి సెకండరీ టీచర్లకు బ్రెటన్ కాపెస్ అనే పోటీ పరీక్ష ఉంది. దివాన్‌కు కెలెన్ అనే సొంత శిక్షణ సంస్థ ఉంది. పోస్టులిచ్చినా అభ్యర్థులు చాలడం లేదు. ఇంట్లో భాష పొందిన తరం పదవీవిరమణ దాటిపోయింది. కాబట్టి కొత్త టీచరును పెద్దయ్యాక తయారు చేసుకోవాలి.

దానికి పనిచేసే సాధనం ఆరు నెలల పూర్తికాలపు కోర్సు. స్తుమ్‌ది, రూదూర్, మెర్వెంత్, స్కోల్ ఆన్ ఎమ్సావ్ లాంటి సంస్థలు నడుపుతాయి. ఉద్యోగం పక్కనబెట్టి రోజంతా భాషే. చివర్లో సామర్థ్య పరీక్ష. సాయంత్రం వారానికి గంటన్నర తరగతికి వెళ్లేవాళ్లు పదేళ్లకూ చేరుకోని చోటికి ఆరు నెలల్లో చేరుతారు. అయితే ఆరు నెలల భాషతో వెంటనే శిశుతరగతిలో నిలబెడితే టీచరు తప్పులే ఇరవై మంది పిల్లల భాష అవుతాయి. "ఎ జాద్" అని టీచరు అంటే తరగతంతా "ఎ జాద్" అంటుంది. మధ్యలో మాతృభాషీయుల మధ్య గడిపే కాలం తప్పనిసరి. వృద్ధులు ఉన్నంత వరకే అది సాధ్యం.

గోదారిగట్టు:
ఇంతా చేసి సంఖ్యలు ఎటు పోతున్నాయి?

నుడిగంట:
కిందికే. 2018 సర్వేలో రెండు లక్షల పైచిలుకు. 2025 మొదట్లో వెలువడిన సర్వేలో 1,07,000. ఇంత దిగడానికి బడి విఫలం కావడం కారణం కాదు. 1950కి ముందు పుట్టిన తరం వెళ్లిపోతోంది. ఏటా బడుల నుంచి బయటికొచ్చేవాళ్లు ఆ ఖాళీని నింపేంత లేరు. బ్రెటన్ మాట్లాడేవారి సగటు వయసు తగ్గింది కూడా, దానికీ అదే కారణం. ఆ అంకెను ఎవరైనా శుభవార్తగా చూపిస్తే జాగ్రత్త.

మీరడిగిన "ఎక్కడ తేడా కొడుతోంది" అన్నదానికి జవాబు: ప్రాథమికం నుంచి కాలేజుకు మారే చోట. ద్విభాషా ప్రాథమిక బడి ఉన్న చాలా ఊళ్ల దగ్గర్లో కాలేజు తరగతి ఉండదు. ఉన్నచోట సాధారణంగా వారానికి 3 గంటల బ్రెటన్, చరిత్ర-భూగోళం లాంటి ఒకటో రెండో పాఠాలు బ్రెటన్‌లో. 12 గంటల నుంచి ఒక్కసారిగా ఇంతకు పడిపోతుంది, అదీ పిల్లకు తోటివాళ్ల మాటే వేదమయ్యే పన్నెండేళ్ల వయసులో. దివాన్ కాలేజులో పాఠాలు బ్రెటన్‌లోనే సాగినా, మైదానం ఫ్రెంచిలోకి జారేది ఆ వయసులోనే.

వెన్నెలవాన:
మైదానంలో ఫ్రెంచి మాట్లాడితే ఏం చేస్తారు? శిక్షిస్తే అది మళ్లీ సింబోలే కదా.

బడిబాట:
సరిగ్గా ఆ కారణానికే శిక్షించరు. పెద్దవాళ్లు మాత్రం మారరు. పిల్ల ఫ్రెంచిలో అడిగినా జవాబు బ్రెటన్‌లోనే వస్తుంది. బలవంతం లేకుండా పనిచేసేవి ఆటలు, నాటకం, గొడవ తీర్చుకోవడానికి కావలసిన మాటలు. పిల్లలు ఫ్రెంచిలోకి జారడం మొదలయ్యేది ఎక్కువగా పోట్లాటలో, ఆటలో. పాఠ్యపుస్తకంలో "కిరణజన్య సంయోగక్రియ"కు మాట ఉంటుంది. "నన్ను తొయ్యకు", "ఇది నా వంతు", "నువ్వు తొండి చేశావ్" అనడానికి మాట రాకపోతే పిల్ల ఫ్రెంచి అందుకుంటుంది. అందుకే శిశుతరగతి టీచర్లు ఆటస్థలం మాటలను పాఠంలాగే ముందుగా నేర్పుతారు. మూడేళ్లలోపు పిల్లలకు దివ్‌స్కువార్న్ (రెండు చెవులు) సంఘం సాయంతో బ్రెటన్ శిశుసంరక్షణ కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడి నుంచి వచ్చిన పిల్ల బడి మొదటి రోజే "నేను ఆఖర్న" అని బ్రెటన్‌లోనే చెప్పి వరసలో నిలబడగలదు.